ఎడమ చేతి గీత

మూడొద్దుల శిక్షణ.
పొద్దున ఏడున్నరకు డిండి నుంచి బస్సు.
సంచిల సద్ది డబ్బా, రెండు రిజిస్టర్లు,
చార్జింగ్ నిలవని సర్కారు ఫోను.
దేవరకొండ ఆఫీసు మీది హాల్ల
నూట పది మందిమి,
అరవై కుర్చీలు.

ఇరవై రెండేండ్ల సర్వీసు నాది.
నాకు పాఠం చెప్పొచ్చిన నిఖత్ మేడం
నేను కొలువుల చేరిననాడు
ఏ సెంటర్ల కూసోని గుగ్గిళ్లు తింటున్నదో.
"పిల్లలెట్ల నేర్సుకుంటరో మనకు నేర్పుతరట"
పక్కన మారుపాక లింగమ్మ గునిసింది.
నేను కొంగడ్డం పెట్టుకొని నవ్విన.

తెర మీద మొదటి బొమ్మ పడంగనే కరెంటు పోయింది.
మేడం చాపలు పరిపించింది.
తలా ఒక సుద్దముక్క.
"ఎడమ చేత్తోని మీ పేరు రాయుండ్రి."

సైదమ్మ అని రాయబోయిన.
'స' తలకట్టు గోడ దిక్కు పోయింది,
'మ' కింది ఒత్తు జారి
పక్కామె చాప మీద పడ్డది.
"జల్ది, జల్ది! గింతసేపా?"
వెనక నుంచి కావాలనే గద్దించింది మేడం.
లింగమ్మ సుద్ద పుటుక్కున ఇరిగింది.
ఎవ్వరం నవ్వలే.

గప్పుడు యాదికొచ్చింది రమావత్ తులసి.
నాలుగేండ్ల పిల్ల, ముక్కుకు పూస.
ఎడమ చేతిల బలపం పట్టిన ప్రతిసారి
తీసి కుడి చేతిల పెట్టింది నేనే.
ఎన్నిసార్లో
ఆ లెక్క ఏ రిజిస్టర్ల లేదు.

నా బుక్కుల ఆమె పేరు పక్కన: 'మాట్లాడదు.'
నర్సమ్మ కరుణశ్రీ బుక్కుల:
'బరువు సరిపోయింది. చెవులు చూపియ్యాలె.'
బడి పెద్దసారు భూపతి ఫైలుల:
'వచ్చే యేడు చూద్దాం.'
ఒక్క పిల్ల,
మూడు శాఖలు, మూడు బీరువాలు,
మూడు తాళంచేతులు మూడు నడుములకు.

మూడో దినం ముగ్గుర్నీ పిలిపించి
ఒక్క చాప మీద కూసోబెట్టిన్రు.
మర్రిగూడ నీళ్లు తాగి పెరిగిన మోకాళ్లు సారువి, మడత పడవు;
కాళ్లు బార్లా చాపి కూసున్నడు పాపం.
నడుమ మూడు బుక్కులు తెరిచి పెట్టినం.
మొదటిసారి అవి ఒకదాని మొఖం ఒకటి చూసుకున్నయి.

చిత్రియాల దిక్కు టీచరు మూడావత్ దేవ్లి
వెనక నుంచి మెల్లగ అడిగింది:
"తండా పిల్లనా?
ఇంట్ల ఏ మాట మాట్లాడుతరో అడిగిన్రా?"

నేను అడగలే.
కరుణశ్రీ అడగలే.
సారు అద్దాలు తీసి తుడుసుకున్నడు,
మళ్ల తుడుసుకున్నడు.
ఆ గడి ఏ ఫారంల లేకుండె.

దేవ్లి నా అరచేతిల పెన్నుతోని రాసిచ్చింది:
యాడి అంటే అమ్మ.
బాటి అంటే రొట్టె.
పాణి అంటే నీళ్లు.
బస్సుల దారెంబడి అప్పజెప్పుకుంట వచ్చిన.
కండక్టర్ "యాడికమ్మా?" అంటే
"అమ్మ" అన్న.
అతను నా దిక్కు అదోలా చూసి టికెట్ కొట్టిండు.
(ఆ టికెట్ పైసలు ఇంక రాలే. అది వేరే ముచ్చట.)

సోమవారం.
గుడ్లు ఉడికినయి, ఫోను ఫోటో అడుగుతున్నది,
ఆయమ్మ పోపు వేస్తున్నది.
తులసి ముందర గిలాస పట్టుకొని
"పాణి" అన్న.

రెప్ప కొట్టలే పిల్ల.
మళ్ల అన్న.
పకపకా నవ్వింది, పూస కదిలేటట్టు,
నా నోటికి తిరగని ఆ అక్షరాన్ని
తను పలికి చూపెట్టింది,
నేను అనేదాక వదలలే.
ఆ తర్వాత ఇగ ఆగలే:
మూన్నెల్లు దాసిపెట్టిన మాటలన్ని
ఒక్కపారి కుమ్మరించింది.
నాకు పావు వంతు కూడ సమజు కాలే.

బుక్కు తీసి 'మాట్లాడదు' కొట్టేసి
రాసిన: 'నాకే రాదు.'
సూపర్‌వైజర్ సంతకం పెడుతదో లేదో.

తులసి ఎడమ చేత్తోని సుద్ద తీసుకుంది.
నా చేతులు ఆగయి, ఇరవై రెండేండ్ల అలవాటు,
వాటిని వెనక్కి కట్టుకొని నిలబడ్డ.
గచ్చు మీద ఒక పొడుగు గీత,
గడప దాక పోయి, వంగి, మళ్ల వచ్చింది.

"ఏం గీసింది టీచరమ్మా, పామా?" ఆయమ్మ అడిగింది.
ఏమో.
అడగాలె.
అడిగే మాట రేపు దేవ్లికి ఫోన్ చేసి
నేర్సుకోవాలె.